కరుగు బీరువా

చంద్రుడి మీద, పిల్లలున్న ఇంట్లో తిరిగేవాళ్ళు కాళ్ళ కింద చూసుకుంటే చాలదు, మొహం ముందు కూడా చూసుకోవాలి. అక్కడి గురుత్వాకర్షణ భూమి మీద ఉన్నదాంట్లో ఆరో వంతే. కాలికి తగిలిన బొమ్మ సోఫా కిందికి దొర్లిపోదు. తీరిగ్గా గాల్లోకి లేచి, హాలంతా దాటుకుంటూ వెళ్ళి, ఎవరి సాంబారు గిన్నెలోనో దిగుతుంది.

2097లో తుషార కాలనీలోని ఇళ్ళన్నిటిదీ అదే గొడవ. నీటిశుద్ధి కేంద్రంలో ఇంజనీరుగా పనిచేసే హైమకు మాత్రం అది ప్రాణం మీదికి వచ్చినంత పని. వాళ్ళ హాలు పద్నాలుగు అడుగులు. తినడం, చదవడం, చుట్టాలు వస్తే కూర్చోవడం అన్నీ అందులోనే. కూతురు నిహిరకు తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళ బొమ్మలూ ఆ హాల్లోనే ఉండేవి.

"బొమ్మల డబ్బాలా కనిపించకూడదు. గోడకు అందం తేవాలి," అంది హైమ, బీరువాల షోరూంలో నాలుగోసారి తిరుగుతూ.

"డబ్బా డబ్బాలా కాక మరెలా కనిపిస్తుంది?" అన్నాడు ఆమె భర్త శ్రీకర్. అతనికి అప్పటికే ఆకలేస్తోంది.

చివరికి హైమ కళ్ళు కరుగు బీరువా మీద ఆగాయి. జానెడు మందం, టేకు రంగు, అంచులు గుండ్రంగా తీర్చినట్టున్నాయి. కింద బొమ్మ పెట్టే పళ్ళెం, పక్కన అరచెయ్యి ఆనించే నున్నటి పలక. పళ్ళెంలో పెట్టిన బొమ్మను బీరువా కణధూళిగా, అంటే నానో పార్టికల్స్ పొడిగా, కరిగించేస్తుంది. మళ్ళీ కావాలంటే పలక మీద చెయ్యి ఆనించి ఆ బొమ్మను తలుచుకోవాలి. పలక నరాల సంకేతాలను చదివి ఏ బొమ్మో పోల్చుకుంటుంది, పొడిని తిరిగి అదే రూపంలో పోతపోస్తుంది. జానెడు బీరువాలో వెయ్యి బొమ్మలు పట్టడం వెనక కిటుకు ఇదేనని షోరూం అమ్మాయి చెప్పింది.

బీరువా వచ్చాక ఆ ఇల్లు ఇల్లయింది. నేల కనిపించింది. పక్కింటి సౌదామిని వచ్చి, "మీకు పిల్లలున్నారంటే ఎవరూ నమ్మరు," అంది. హైమకు ఆ మాట పొగడ్తలాగే వినిపించింది.

ఆరు నెలల తర్వాత సౌదామిని కొడుకు మొదటి పుట్టినరోజు వచ్చింది. నిహిర మూడేళ్ళప్పుడు ఆడుకున్న చక్రాల ఏనుగును వాడికి ఇద్దామనిపించింది హైమకు. పలక మీద చెయ్యి ఆనించింది. ఎర్రటి ఏనుగు, తొండం పైకెత్తి, నిగనిగలాడుతూ పళ్ళెంలోకి వచ్చింది.

బడి నుంచి వచ్చిన నిహిర బల్ల మీది ఏనుగును అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెవరిదమ్మా?"

"నీదే కదే! మర్చిపోయావా?"

"నాది కాదు." నిహిర వెళ్ళి తన చెయ్యి ఆనించింది. వచ్చిన ఏనుగుకు తొండం సగమే ఉంది. ఒక చక్రం సొట్ట పోయింది. "నాది ఇది."

హైమ రెండు ఏనుగులనూ పక్కపక్కన పెట్టి చూసింది. సాయంత్రం శ్రీకర్ చేత కూడా చెయ్యి పెట్టించింది. అతను కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రయత్నించాడు. వచ్చింది ఖాళీ పళ్ళెం.

"ఏనుగు కూడా ఉండేదా మనకి?" అన్నాడతను.

మర్నాడు సెలవు పెట్టి, రెండు ఏనుగులనూ సంచిలో వేసుకుని, హైమ బీరువాల తయారీ కేంద్రానికి వెళ్ళింది. దాన్ని కనిపెట్టిన కోదండపాణి పెద్దాయన. బొమ్మలను చేతిలోకి తీసుకున్నాడు గాని ఆశ్చర్యపోలేదు.

"బీరువా చెడిపోలేదమ్మా," అన్నాడు. "అది బొమ్మలను గుర్తుపెట్టుకోదు. పొడి మాత్రమే దాచుకుంటుంది. రూపం మీ చేతి నుంచే తీసుకుంటుంది. ఎవరు ఎలా తలుచుకుంటే అలా."

"అంటే మాకిన్నాళ్ళూ ఇస్తున్నవి అసలు బొమ్మలే కావా? ఇది మోసం కాదూ?"

"మోసమే, కాదనను. చెప్పాల్సింది, చెప్పలేదు." ఆయన కుర్చీలో కాస్త ముందుకు వంగాడు. "మొదట తయారుచేసింది అలాంటిది కాదు. ప్రతి బొమ్మ ప్యాటర్నూ గీత కూడా పోకుండా దాచేది, ఉన్నదున్నట్టు తిరిగిచ్చేది. నూటికి తొంభై మంది వాపసు పంపించారు. 'ఇది మాది కాదు, మా బొమ్మ ఇంకా పెద్దది, ఇంకా అందంగా ఉండేది' అని. రుజువులు చూపించినా వినలేదు. ఇలా మార్చిన తర్వాత ఒక్క ఫిర్యాదు లేదు. మీదే మొదటిది."

హైమ ఆయన చేతిలోని ఏనుగులను చూపించింది. "ఈ రెంటిలో ఏది నిజం?"

"నాకెలా తెలుస్తుందమ్మా? ఇంట్లో అడగాలి మీరు."

ఆమె ఇంటికి వచ్చేసరికి నిహిర హోంవర్కు చేసుకుంటోంది. హైమ వెళ్ళి పక్కన నేల మీద కూర్చుంది.

"నిహీ, ఏనుగు తొండం ఎలా విరిగింది?"

నిహిర తల ఎత్తలేదు. "నువ్వు అన్నం గిన్నె తెస్తూ దాని మీద కాలేసి పడ్డావు. లేచి దాన్ని గోడకేసి కొట్టావు."

"నేనా? ఏమైనా అన్నానా నిన్ను?"

"అన్నావు."

"ఏమన్నాను?"

నిహిర పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. "'నువ్వొక్కదానివి లేకపోతే ఈ ఇల్లు ఎంత బాగుండేదో' అన్నావు."

హైమ ఎంత వెతుక్కున్నా ఆ రోజు జ్ఞాపకాల్లో ఎక్కడా దొరకలేదు. తనలో ఆమెకు గుర్తున్న తల్లి అలాంటి మాట అనదు. అలా అనేది నేను కాదు అనే మాట నోటిదాకా వచ్చింది. కూతురి మొహం చూశాక ఆ మాట మింగేసింది.

"తప్పు చేశాను, తల్లీ," అంది. "చాలా పెద్ద తప్పు."

నిహిర కాస్త జరిగి తల్లి భుజానికి ఆనుకుంది. కాసేపటికి హైమ లేచి, బీరువా దగ్గరికి వెళ్ళి, సంచిలోని ఏనుగులు రెంటినీ పళ్ళెంలో పెట్టి కరిగించింది. పలక మీద చెయ్యి ఆనించింది.

ఏనుగు వచ్చింది. తొండం సగమే ఉంది.

"గుర్తొచ్చిందా అమ్మా?" అంది నిహిర, కళ్ళు పెద్దవి చేసుకుని.

"లేదు," అంది హైమ. "నువ్వు చెప్పింది నమ్మాను."