నడుం పట్టి లాగే మూల

ఆ సగం కట్టిన బిల్డింగులో పై అంతస్తు మూల మంచిది కాదండోయ్. చీకటి పడ్డాక అక్కడ నిలబడితే వెనకనుంచి ఎవరో నడుం పట్టి లాగుతారట. బెల్టు లేకుండా పనిచేసి ఆ మూలనుంచే జారిపోయిన రాడ్ల మేస్త్రీయే అదంటారు. నమ్మరా? సరే, మీ ఇష్టం... రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రం నన్ననకండి.

మన తాపీమేస్త్రీ కూడా నమ్మలేదు. గోడకి దెయ్యం అడ్డొస్తే దాని మీద కూడా సిమెంటు పూసేసే రకం. నడుముకి బెల్టయితే ఉండేది — పేరుకి. దాని కొక్కేన్ని పిల్లరుకి కట్టిన తాడుకి తగిలించాలి కదా? జరిగినప్పుడల్లా తాడు అడ్డం, ఎవడు పడతాడా బాధని, కొక్కేన్ని తన బెల్టుకే తగిలించుకునేవాడు. కిందనుంచి చూసే సూపర్‌వైజరుకి అంతా సవ్యంగానే కనపడేది.

"బావా, అక్క ఒట్టి మనిషి కాదు. కొక్కెం తాడుకెయ్యి," అని బామ్మర్ది రోజూ గొణిగేవాడు.

"నా కాళ్ళకి కళ్ళున్నాయిలే. నువ్వెళ్ళి మాలు కలుపు."

ఆ రాత్రి ఆ మూల కాస్త పూత మిగిలింది. పైన మేస్త్రీ ఒక్కడే. బల్బు వెలుగు అక్కడిదాకా రాదు.

నడుం దగ్గర ఏదో తగిలినట్టయింది... తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

పరంజా చెక్క మీద ఒకడుగు ముందుకేశాడు —

లాగింది. మెల్లగా... చంటిపిల్ల కొంగు పట్టుకుని లాగినట్టు.

"ఎవర్రా?" అన్నాడు. గుండె జారి అరికాళ్ళలోకొచ్చింది. విడిపించుకుందామని ఒళ్ళంతా విదిలించాడు. అంతే — కాలికింద చెక్క తిరగబడింది.

కళ్ళు తెరిచేసరికి గాల్లో వేలాడుతున్నాడు. కింది అంతస్తు కిటికీలోంచి బామ్మర్ది అతని కాళ్ళు పట్టుకుని లోపలికి గుంజాడు.

"పోన్లే బావా... ఇన్నాళ్ళకి తాడుకేశావు."

మేస్త్రీ నడుం తడుముకున్నాడు. కొక్కెం తాడుకే ఉంది. అంటే ఇందాక లాగింది దెయ్యం కాదు, బిగిసిన తాడు. నవ్వొచ్చింది... సగంలోనే ఆగిపోయింది.

"నేనెయ్యలేదురా. నువ్వా?"

"నేను పైకే రాలేదు బావా. మీ బావ పడబోతున్నాడు, కిటికీ దగ్గరికి పో అని పైనుంచి ఎవరో చెప్పారు. మనాళ్ళలో ఎవరో అనుకున్నా..."

మేస్త్రీ గబగబా కొక్కెం విప్పాడు.

కిటికీ బయట ఆ తాడు — మెల్లమెల్లగా పైకి పోతోంది... ఎవరో తీరిగ్గా కూర్చుని చుట్టుకుంటున్నట్టు.