ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు

"రిత్విక్! బూట్లేసుకో. నీళ్ల బాటిలేది? నిన్న గూడ మర్సిపోయినవ్. అగో, గట్ల నిలబడి చూస్తవేందిరా? జల్ది రా, బస్సు పోతది!"

ఇదంతా స్వప్నిక ఒక్క గుక్కలో అన్నది. ఆమె ఏడో తరగతి, తమ్ముడు రిత్విక్ ఒకటో తరగతి. అమ్మ కృష్ణవేణి తెల్లవారకముందే బంతిపూలు తెంపడానికి తోటకు పోతుంది. తమ్ముణ్ణి తయారుచేసి, కనకమామిడిలో బస్సెక్కించి, మొయినాబాద్ బడికి తీసుకుపోయే పని అక్కదే. ఆ పనికి స్వప్నిక నమ్ముకున్నది తన నోటినే. మూకుట్లో పేలాలు వేగినట్లు మాటలే మాటలు!

అయినా బస్సు పోయింది.

టైముకు రాని పిల్లలను పీటీ సార్ ఖోఖో టీంలోకి తీసుకోడు. స్వప్నిక ఇప్పటికే రెండుసార్లు లేటు.

అరగంట తర్వాత చేవెళ్ల నుంచి ఇంకో బస్సు వచ్చింది. కాలు పెట్టే సందు లేదు. కండక్టర్ అరుణమ్మ "లోపటికి!" అన్నది. అందరూ జరిగారు. "రైట్!" అన్నది. బస్సు కదిలింది.

అప్పుడు ఆమె చూపు రిత్విక్ కాళ్ల మీద పడింది.

"ఏంది బిడ్డా, ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు?"

"అక్క బూట్లేసుకో అన్నది. ఒకటి ఏసుకున్న. బాటిల్ అన్నది, ఉరికిన. జల్ది రా అన్నది, చెప్పు ఏసుకుని వచ్చిన."

బస్సంతా గొల్లున నవ్వింది. స్వప్నిక తల దించుకుంది.

అరుణమ్మ కూడా నవ్వింది. "నేను డ్రైవరన్నకు గన్ని ముచ్చట్లు చెప్తే, ఈ బస్సు ఇంకా చేవెళ్లల్నే ఉంటుండె!"

బడి దగ్గర పీటీ సార్ ప్రవీణ్ గడియారం చూశాడు. "మూడోసారి. రేపు టీం పేర్లు రాస్త. ప్రేయర్‌కు లేకపోతే నీ జాగల సమత ఆడ్తది."

సాయంత్రం దాకా స్వప్నిక ఒకటే ఆలోచించింది. 'రేపు మొదటి బస్సు ఎక్కాల్సిందే. ఒక్కసారికి ఒక్కటే మాట. నాలుక కొరుక్కున్నా సరే!'

తెల్లవారింది. స్వప్నిక తమ్ముడి ముందు కింద కూర్చుంది. వాడి కళ్లలోకి చూసింది.

"బూట్లు."

రిత్విక్ మిగతా మాటల కోసం ఎదురుచూశాడు. రాలేదు. ఒక బూటు తొడిగాడు. రెండోది తొడిగాడు. ఇక లేసు! నాలుక బయటపెట్టి, ముడి వేస్తాడు, విప్పుతాడు, మళ్లీ వేస్తాడు.

'ఎంతసేపురా? నిన్న నీ వల్లనే గదా...' మాటలు స్వప్నిక గొంతు దాకా వచ్చాయి. పెదవులు గట్టిగా బిగించింది. అబ్బ, ఖోఖోలో ఉరకడం కూడా ఇంత కష్టం కాదు!

ముడి పడింది.

"బాటిల్."

తెచ్చాడు. అంతలో దూరంగా హారన్ వినిపించింది.

"ఉరుకు!"

అక్కాతమ్ముళ్లు చెయ్యి చెయ్యి పట్టుకుని ఉరికారు. బస్సు ఆగింది, ఎక్కారు!

బడిలో ప్రేయర్ గంట ఇంకా కొట్టలేదు. పీటీ సార్ స్వప్నికను చూశాడు. జేబులోంచి పెన్ను తీసి పేరు రాసుకున్నాడు. స్వప్నికకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తమ్ముణ్ణి వాడి లైనులో నిలబెట్టబోతే, వాడు ఆమె చున్నీ పట్టుకుని లాగాడు.

"అక్కా, ఇయ్యాల నువ్వు నన్ను తిట్టలే."

తను తిడుతున్నానని స్వప్నిక ఎప్పుడూ అనుకోలేదు. చెప్తున్నాననే అనుకుంది. వాడికి చెప్పాల్సినవి ఇప్పుడు ఎన్నో గుర్తొచ్చాయి. మళ్లీ వాడి ముందు కూర్చుంది. వదులైన లేసు బిగించింది.

"శభాష్ రా!"

అంతే అన్నది. రిత్విక్ ఒక్కో కాలు పైకెత్తి, లైనులో ఉన్న పిల్లలందరికీ తన రెండు బూట్లూ చూపించాడు.