సీసాలో తెచ్చిన ఏడుపు

చావింటికి వచ్చి ఏడవని మనిషిని గంగే వాళ్ళ ఊళ్ళో కూర్చోమనరు. వచ్చినవాడు ముందు శవం పక్కన చేరి గొంతెత్తి ఏడవాలి. ఆ తర్వాతే మంచినీళ్ళు, మాటలు. గంగేను ప్రేమించిన రాఘవులుకు ఇది తెలుసు. తెలిసే, గంగే నాన్న మంగ్లూ చనిపోయిన రోజు, వాకిట్లో ఆగి మెడ వెనక్కి వంచి కళ్ళలో మందు చుక్కలు వేసుకున్నాడు.

గంగే పెద్దమ్మ లక్కే చూడనే చూసింది.

"ఏందిరా అది? ఏడుపు సీసాలో పట్టుకొచ్చినవా?"

"కాదత్తా, కండ్లు మండుతున్నయ్. మందు..."

"మా మరిది దుమ్ము మింగి మింగి సచ్చిండు. ఆ దుమ్ము లేపేది నీ టిప్పరే. ఇప్పుడు నాటకానికి వచ్చినవా? నడువ్ బయటికి!"

గంగే తలెత్తి చూసింది. మళ్ళీ తండ్రి మీదికి వంగింది. రాఘవులు వెనక్కి తిరిగాడు.

అతని ఊరు కిష్టారం. కళ్ళద్దాలున్నవాడికి టిప్పర్ నడపడానికి ఇవ్వనన్నాడు గని కాంట్రాక్టు పట్టిన ఠేకేదారు. రాఘవులు రైలెక్కి విశాఖ పోయి లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాడు. అద్దాలు పోయాయి, నౌకరీ వచ్చింది, కంట్లో తడి ఆరిపోయింది. అప్పట్నుంచీ రెప్ప వేస్తే ఇసుక గీసినట్టే. తిరగని ఆసుపత్రి లేదు. "దుమ్ముకు దూరంగా ఉండు" అన్నాడు గని డిస్పెన్సరీ డాక్టరు. గని కొండ కింద దుమ్ముకు దూరంగా బతకాలంటే ఆ డాక్టరు బంగళాలోనే బతకాలి.

గంగే పరిచయం కూడా ఆ కళ్ళ వల్లే. వారపు అంగట్లో ఆమె చింతపండు అమ్ముతుంటే ఎదురుగా నిలబడి టపటపా రెప్పలు కొట్టాడు.

"ఏంది, కన్ను కొడుతున్నవ్?"

"కొడతలేను. మండుతున్నయ్."

"రెండూ కొడుతున్నవ్. ఒకటి నాకైతే, రెండోది ఎవరికి?"

పక్కనున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మరుసటి వారం ఆమె తన కొంగు తడిపి పిండి అతని కళ్ళ మీద వేసింది. ఏ మందుకీ రాని చల్లదనం కాసేపు వచ్చింది. ఆ తర్వాత అతను ఏ అంగడీ తప్పలేదు.

మంగ్లూ దినాలు ముగిశాక రాఘవులు వాగు దగ్గర గంగేను ఆపాడు.

"నువ్వు కూడా నాటకమే అనుకున్నవా?"

"లేదు. నీ కండ్ల సంగతి నాకు తెల్వదా?"

"మరి మాట్లాడవేంది?"

"కండ్లు ఎండినయని ఊరూరూ తిరిగినవ్. మా రోడ్డు ఎండిందని ఎవరినన్న అడిగినవా? నీళ్ళు చల్లించమని నాయిన ఎన్నిసార్లు మొత్తుకున్నడు! రేపు అందరం రోడ్డు మీద కూసుంటున్నం. ముందు నీ టిప్పరే వస్తది. ఏం జేస్తవ్?"

"ఆపితే నౌకరీ పోతది గంగే."

"పోనీయకు. కండ్లు పెట్టి కొన్నవ్ గద, దాచుకో!"

ఆమె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తెల్లారి గనిలోంచి టిప్పర్లు వరసగా దిగాయి. మొదటిది రాఘవులుది. రోడ్డు మీద ఊరంతా కూర్చుంది. ముందు వరసలో లక్కే, పక్కన గంగే. బండి చూసినా ఇద్దరూ కదల్లేదు.

సూపర్‌వైజరు జీపు దిగి పరుగెత్తుకొచ్చాడు. "చలావ్! మీదికి పోనీ, వాళ్ళే లేస్తారు!"

రాఘవులు గంగేను చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు, చక్రాన్ని చూస్తోంది. తన మీదికి వస్తుందా రాదా అని లెక్క వేస్తోంది. తను ప్రేమించిన పిల్ల తన బండిని అలా చూడటం అతని గుండెల్లో దిగింది.

స్టీరింగు తిప్పాడు. టిప్పర్‌ను రోడ్డుకు అడ్డంగా నిలిపాడు, వెనక ఏ బండీ దాటకుండా. తాళం తీసి సూపర్‌వైజరు చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి రావొద్దు!"

"రేపటిదాకా ఎందుకు సార్? ఇప్పుడే దిగిన."

నడిచి వచ్చి జనం ముందు నిలబడ్డాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. లక్కే కిందికీ పైకీ చూసింది.

"ఏడ్సుడు రాదు గానీ బండి ఆపుడు వచ్చింది పిల్లగానికి. జరగండే, మా అల్లుడు కూసుంటడు."

గంగే జరిగింది. అందరూ చూస్తుండగానే అతని చెయ్యి పట్టుకుంది.

"నౌకరీ లేనోడిని చేసుకుంటవా?"

"దుమ్ము లేపేటోన్ని చేసుకోను. గంతే."

సాయంత్రానికి రోడ్డు మీద నీళ్ళు చల్లే ట్యాంకరు రాలేదు. పోలీసు జీపు వచ్చింది. ఇద్దరూ లేవలేదు.