పిన్నీసుతో గుచ్చిన నల్లముక్క

థొబీలే అంటే మా భాషలో అణకువ గల పిల్ల అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు తొందరపడ్డారు.

ఆమెను నేను మొదట చూసింది మా పేట క్వామాషు నుంచి డర్బన్ ఊళ్ళోకి పోయే వ్యాన్ టాక్సీలో. ఎప్పుడూ పాటలతో అదిరిపోయే బండి అది. ఆ రోజు డ్రైవరు పాటలు ఆపేశాడు. జనం గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. కిటికీ పక్కన ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో గిటారు పెట్టె, సగం గొరిగిన తల, చిరుగుల తోలు జాకెట్టు. జాకెట్టు ఎడమ చేతికి, పిన్నీసుతో గుచ్చిన నలుచదరపు నల్లగుడ్డ ముక్క.

నా చొక్కా చేతికీ అలాంటిదే ఉంది. ఇంట్లో మనిషి పోతే మేం అది గుచ్చుకుంటాం. అది ఉన్నవాళ్ళ దగ్గర ఎవరూ గొంతు పెంచరు. ఉన్నవాళ్ళూ పెంచరు.

ఆమె పక్కనే చోటు దొరికింది. అడగడం మర్యాద కాబట్టి అడిగాను.

"ఎవరండీ పోయింది?"

"మా డ్రమ్మరు."

"అయ్యో. ఎలా?"

"పెళ్ళి చేసుకుని చర్చి కోరస్‌లో చేరాడు."

"ఆ తర్వాత పోయాడా?"

"అదే కదండీ చెబుతున్నా. పెళ్ళి చేసుకుని చర్చి కోరస్‌లో చేరాడు."

వెనక సీట్లో మామ్మ ఒకావిడ ముందుకు వంగింది. "సిగ్గులేదుటే నీకు? చావుతో ఆటలా?"

"ఉండేది మామ్మా. కానీ ఈ ముక్క చూసి డ్రైవరన్న పాటలు ఆపేశాడు. ఆయన పాటలు వినడం కంటే సిగ్గు వదులుకోవడమే నయమనిపించింది."

డ్రైవరు కోపంగా పాట పెట్టాడు, మునుపటికంటే గట్టిగా. పిల్ల నవ్వింది. నవ్వుతూ నా చేతివైపు చూసింది.

"మీదీ స్టైలేనా?"

"కాదు. మా నాన్న."

ఆమె నవ్వు ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు మొహం మీదే ఉండిపోయింది. చెయ్యి పిన్నీసు మీదకు వెళ్ళింది.

"తీసేస్తాలెండి."

"తీయకూడదు. ఎవరంతట వాళ్ళు తీసేది కాదది. ఏడాది నిండాక ఇంట్లోవాళ్ళందరూ కలిసి కాల్చాలి."

"నాకు కాల్చడానికి ఇల్లెక్కడుంది? ఎవరూ పోలేదు కదా."

"ఆ సంగతి గుచ్చుకునేముందు ఆలోచించాల్సింది."

"మీరు బడిపంతులా?"

"అవును."

"అనుకున్నా. మాట్లాడుతుంటే నా వీపు దానంతటదే నిటారుగా అయిపోయింది."

పొగరు. అంతకుమించి నాకేమీ అనిపించలేదని అప్పుడు అనుకున్నాను.

*

తర్వాత ఆమె సంగతులు వద్దన్నా చెవిన పడ్డాయి. మా బడి పిల్లలకు పాఠాలకంటే అవే బాగా వచ్చు.

థొబీలే తాత కొండల్లోంచి పనికోసం వచ్చినవాడు. ఒక్కో తీగనూ వేళ్ళతో మీటే పాతకాలపు గిటారు ఆయనది. తల్లి చర్చిలో మొదటి గొంతు. ఈ రెండింటికీ ఆమె ఎలక్ట్రిక్ గిటారు తగిలించి, పైన తన అరుపు కలిపింది. దానికి పంక్ అని పేరు పెట్టింది. విన్నవాళ్ళు రకరకాల పేర్లు పెట్టారు.

రేడియోలో జానపద గంట నడిపేవాడు, "ఇది మన సంగీతం కాదమ్మా, గోల" అన్నాడు. ఊళ్ళో రాక్ క్లబ్బు నడిపే పిలక కుర్రాళ్ళు, "గోల సరిపోలేదు, జానపదం ఎక్కువైంది" అన్నారు. చర్చివాళ్ళు ఏమీ అనలేదు, తలుపు తాళం మార్చారు. ఇంతమంది పండితులు ఇన్ని రకాలుగా వద్దన్నదాన్ని ఆమె అమ్మమ్మ కారు షెడ్డులో, గోడలకు పాత పరుపులు ఆనించి తనే రికార్డు చేసుకుంది. వ్యాన్ డ్రైవర్ల చేతే అమ్మించింది. ఏ కంపెనీకీ సంతకం పెట్టలేదు. అడిగినవాళ్ళు లేరన్నది కూడా అందులో కొంత నిజం.

ఒక సాయంత్రం వాన మొదలైంది. మా వానకు ముందూ వెనకా ఉండదు, బక్కెట్టు బోర్లించినట్టు పడుతుంది. బడి వరండాలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. గేటులోంచి గిటారు పెట్టె నెత్తిన పెట్టుకుని ఒక శాల్తీ పరుగెత్తుకొచ్చింది.

"థిషా!"

పంతుల్ని మావాళ్ళు అలాగే పిలుస్తారు. ఆమె నోట మాత్రం అది తిట్టులా వినిపించింది.

"ఇక్కడికెందుకొచ్చారు?"

"వాన."

"మీ షెడ్డు దగ్గర వాన పడదా?"

"అక్కడ తిట్టేవాళ్ళు లేరు." జాకెట్టు పిండుకుంది. నల్లముక్క ఇంకా దాని మీదే ఉంది. "చూశారా, తీయలేదు. కానీ దీని రూల్సు నాకు పూర్తిగా తెలీవు. నవ్వొచ్చా?"

"గట్టిగా నవ్వకూడదు."

"మెల్లగా?"

"నవ్వొచ్చు."

ఆమె మెల్లగా నవ్వింది. ఆ రూల్లో ఉన్న ప్రమాదం నాకు అప్పుడే తెలిసింది. వెంటనే కాగితం మీదకు తలవంచి, తప్పు జవాబుకు నిండుగా మార్కులు వేశాను.

"మీ నాన్న ఏం చేసేవారు?"

"రేవులో క్రేన్ నడిపేవాడు. ఆ మోతలో అరిచి అరిచి ఇంట్లోనూ అరుస్తూనే మాట్లాడేవాడు. ఉప్పు అందించమంటే పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు."

"పంక్."

"కాదు, క్రేన్. అమ్మ రోజూ తిట్టేది. 'ఖబజేలా, నేను చెవిటిదాన్ని కాదు' అని." మాలో ఆడవాళ్ళు మొగుణ్ణి పేరుపెట్టి పిలవరు, వంశం పేరుతో పిలుస్తారు. మేం ఎంఖీజేలం, మా వంశంలో మగవాళ్ళను గౌరవంగా పిలిచే పేరు ఖబజేలా.

"ఇప్పుడు?"

"ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు మెల్లగా అడుగుతాం."

ఆమె జోకు వేస్తుందని ఎదురుచూశాను. వేయలేదు. వాన తగ్గేదాకా నా పక్కన కూర్చుని, దిద్దిన కాగితాలు ఎగరకుండా అరచేత్తో అదిమి పట్టుకుంది. వాన తగ్గాక కూడా కాసేపు పట్టుకునే ఉంది.

ఆ తర్వాత చాలాసార్లు వానలు పడ్డాయి. పడని రోజుల్లో కూడా ఆమె వాన పేరే చెప్పింది.

*

గొడవ ఆ నల్లముక్కతోనే వచ్చింది.

మూర్ఖత్వానికి అంటుకునే గుణం ఉంది. థొబీలే జాకెట్టు మీద ముక్కను చూసి, ఆమె పాటలు వినే పిల్లలు తలా ఒకటి గుచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం అమ్మ చర్చి నుంచి వస్తూ వీధి మలుపులో నిలబడిపోయింది.

"మ్లుంగిసీ, మన వీధిలో ఇంతమంది పోయారా? నాకెవరూ చెప్పలేదేం?"

అమ్మ ఆ పిల్లల్లో ఒకణ్ణి దగ్గరకు పిలిచి, తల నిమిరి అడిగింది. "ఎవరు నాయనా?"

"మా పరువు, మామ్మా!" అన్నాడు వాడు. మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు.

తల నుంచి కాలిదాకా నల్లబట్టల్లో ఉన్న అమ్మ ఇంటికి నడిచొచ్చి, నీళ్ళు తాగి, అప్పుడు అంది.

"ఇది మొదలుపెట్టింది ఎవరో నాకు తెలుసు. నువ్వు బడి నుంచి ఎందుకు ఆలస్యంగా వస్తున్నావో కూడా తెలుసు. ఆ పిల్ల నా గేటు దాటడానికి వీల్లేదు."

అమ్మ మాట తిరగరాయడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. నాన్న కూడా అరిచేవాడే గాని గెలిచేవాడు కాదు.

ఆ శనివారం మధ్యాహ్నం ఊళ్ళో పెద్ద హాల్లో థొబీలే కచేరీ ఉంది. నేను నల్లముక్క ఉన్నవాణ్ణి, లోపలికి వెళ్ళకూడదు. అమ్మ మాట చెప్పడానికి మెట్లమీద నిలబడ్డాను. ఆమె బయటికొచ్చింది. వెనకాలే ఒక మనిషి వచ్చాడు. మెరిసే బూట్లు, మెరిసే తల, అంతకన్నా మెరిసే మాట. రికార్డు కంపెనీవాడు, పేరు సందీలే.

"మూడంటే మూడు విషయాలు సిస్టర్," అంటున్నాడు. "తాత గిటారు తీసేద్దాం. చర్చి పాట తీసేద్దాం. అరుపు ఉంచుదాం, కాస్త తగ్గించి."

"ఇంక నన్నెందుకు, కుక్కను పెట్టుకోండి."

"హ హ. అదిగో, ఆ ఆటిట్యూడే కావాలి. ఇంకో ఐడియా. ఆ బ్లాక్ ముక్క ఉంది చూశావా, బ్రహ్మాండం! టికెట్టుతో పాటు ఒక్కో ముక్క, ఒక్కో పిన్నీసు. దేశమంతా గుచ్చుకుంటుంది."

థొబీలే హాలు తలుపులోంచి లోపలికి చూసింది. నేనూ చూశాను. వందలమంది కుర్రకారు, అందరి చేతులకూ నలుపు. ఒక పెద్ద చావింట్లో జనం సోడాలు తాగుతున్నట్టుంది.

"మీ ఇంట్లో ఎవరైనా పోయారా అన్నా?" అని అడిగింది.

"మా అమ్మ, రెండేళ్ళయింది. ఎందుకు?"

"అప్పుడు గుచ్చుకున్నారా?"

"గుచ్చుకోనా మరి!"

"అది కూడా టికెట్టుతోనే ఇచ్చారా?"

మెరుపంతా ఒక్కసారి పోయింది అతనికి. తిరిగొచ్చేసరికి కాంట్రాక్ట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీలాంటివాళ్ళు షెడ్డులోనే ముసలివాళ్ళవుతారు" అన్నాడు.

"షెడ్డు మాదే కదా" అంది థొబీలే.

అప్పుడు నావైపు తిరిగింది. "మీరేదో చెప్పడానికొచ్చారు."

చెప్పాను. మాటలు పోగుచేసుకుని, అమ్మ మాటను ఎంత మెత్తగా చెప్పవచ్చో అంత మెత్తగా చెప్పాను.

"గేటు దాటకూడదన్నారా, గేటు దగ్గరికి రాకూడదన్నారా?"

"దాటకూడదంది."

"సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు హాల్లోంచి గిటారు మోత రాలేదు. ఆమె గొంతు ఒక్కటే వచ్చింది. మామూలుగా, మైకు లేకుండా. "ఇంట్లో మనిషి పోయినవాళ్ళు ఉంచుకోండి. మిగతావాళ్ళు తెచ్చి ఈ పెట్టెలో వేయండి. దీన్ని మొదలుపెట్టిన గాడిదను నేనే." ఈలలు వేశారు, తిట్టారు, సీసాలు విసిరారు. అభిమానులంటే అంతే. కానీ వరసలో నిలబడ్డారు కూడా.

*

నాన్న పోయి ఏడాది నిండింది. మైల కడుక్కునే రోజు వచ్చింది. తెల్లవారాక పెరట్లో నిప్పు రాజేశాం. అమ్మ నల్లబట్టలు విప్పి మామూలు గౌను వేసుకుంది. అది వదులైపోయింది. బాబాయి మేకను కోశాడు. అందరం మెల్లగా మాట్లాడుకుంటున్నాం. అలవాటు పడ్డ గొంతులు పెరగడం మరిచిపోయాయి.

అప్పుడు గేటు బయటినుంచి వినపడింది.

"ఖబజేలా! ఎంఖీజేల ఇంటివారూ! కొండల్లోంచి దిగివచ్చిన పెద్దల బిడ్డలారా! ఖబజేలా!"

బాబాయి చేతిలోంచి కత్తి జారింది. వీధిలో కుక్కలు మొరిగాయి. పక్కింటివాళ్ళు గోడమీదకొచ్చారు.

గేటు బయట నిలబడి ఇంటివాళ్ళ వంశం పేర్లు అరవడం మాకు కొత్త కాదు. ఓలిగా ఆవులిచ్చి పిల్లను అడగడానికి వచ్చిన మగపెళ్ళివారు అలాగే అరుస్తారు. లోపలివాళ్ళు కావాలనే గేటు తీయకుండా నిలబెడతారు. అయితే అరిచేది ఎప్పుడూ పెద్దమనుషులు, మగవాళ్ళు. ఇంట్లో పెళ్ళికావలసిన ఆడపిల్ల ఉంటేనే వస్తారు. మా ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను.

"ఎవరది?" అని కేకేశాడు బాబాయి.

"థొబీలే!"

"ఏం కావాలి?"

"నల్లముక్కలు కాల్చుకోవాలి. మా ఇంట్లో ఎవరూ పోలేదు. మీ నిప్పులో చోటిస్తారా అని!"

"దానికి మావాళ్ళ పేర్లెందుకు అరుస్తున్నావు?"

"గేటు దాటకూడదన్నారు కదా బాబాయ్! ఇంకెలా అడగాలో నాకు తెలీదు!"

"మగపిల్లాణ్ణి అడగడానికి ఆడపిల్ల రావడం ఎక్కడైనా ఉందా?"

"నేనింకా అడగలేదు! మీరే అంటున్నారు!"

గోడమీది పక్కింటివాళ్ళు నవ్వారు. నేను గేటువైపు కదిలాను. అమ్మ చెయ్యెత్తింది. ఆగిపోయాను.

అమ్మ ఆమెను నిలబెట్టింది. ఎండ గోడ దిగి వాకిట్లోకొచ్చేదాకా నిలబెట్టింది. థొబీలే అరుస్తూనే ఉంది. మధ్యలో దగ్గింది, నీళ్ళు అడిగింది, ఎవరూ ఇవ్వకపోతే మళ్ళీ అరిచింది. ఏడాది నుంచి మా ఇంట్లో ఎవరూ పైకి అనని పేరు వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పోయివచ్చింది.

"గేటు తీయి" అంది అమ్మ చివరికి. "ఇంకాసేపు అరిస్తే ఊరంతా మనకు ఓలిగా ఆవులు తోలుకొస్తుంది."

థొబీలే లోపలికొచ్చింది. కళ్ళు దించుకుని వచ్చింది. అణకువ అనే తన పేరుకు ఆమె తగినట్టుండడం నేను చూసింది అదొక్కసారే. గిటారు పెట్టె తెరిచింది. అందులో గిటారు లేదు. నిండా నల్లముక్కలు, పిన్నీసులు తీసి సర్ది ఉన్నాయి. తన జాకెట్టు మీది ముక్క మాత్రం ఇంకా అలాగే ఉంది.

"దీన్ని నా అంతట నేను తీయకూడదట" అంది. "మీ అబ్బాయి చెప్పాడు."

అమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ గొరిగిన తలను, చిరుగులను, అన్నిటినీ. దగ్గరికి వెళ్ళి పిన్నీసు విప్పింది. నా ముక్క కూడా విప్పింది. రెండూ కలిపి నిప్పులో వేసింది. మిగతావి మేం గుప్పిళ్ళతో వేశాం.

అమ్మ మంటను చూస్తూ అంది.

"ఇందాక ఏమని పిలిచావు?"

"ఖబజేలా అని, అమ్మా."

"వినపడలేదు."

థొబీలే నావైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె ఊపిరి నిండా పీల్చుకుని, క్రేన్ మోత మీదుగా పిలుస్తున్నట్టు పిలిచింది. గోడమీది పిల్లి దూకి పారిపోయింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

"గొంతు ఏమీ బాగాలేదు" అంది కళ్ళు తెరవకుండానే. "కూర్చో. తిను. రేపు కూడా రా."