తొమ్మిది గంటల తాళం

మా ఇంటి తలుపు కొత్తవాళ్లకి తెరుచుకోదు. తాళంచెవి పెట్టి, భుజంతో తలుపును కాస్త పైకెత్తి, రెండుసార్లు తిప్పాలి. మెంఫిస్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ, అంటే ముప్పై ఆరేళ్లుగా, అది అంతే. బాగు చేయించమని నా భార్య అర్లీన్ పోరుతూ ఉండేది. నేను వినలేదు. పొద్దంతా చెత్తబండి మీద డబ్బాలు ఎత్తి వచ్చినవాడికి ఒక తలుపు ఎత్తడం ఏపాటి అనేవాణ్ని.

నలభై నాలుగో ఏట, చర్చి కింది గదిలో నడిచే రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. తొమ్మిదింటికి ఇల్లు చేరేవాణ్ని. తలుపు పక్కన ఇత్తడి పలక మీద గెయిన్స్ అని మా ఇంటిపేరు ఉండేది. తాళం తీశాక కూడా, ఆ పేరును ఒక్కో అక్షరం చొప్పున పైకి చదివితేగాని అర్లీన్ లోపలి గొలుసు తీసేది కాదు.

ఆమె చనిపోయి ఆరేళ్లయింది. కానీ ఇల్లు విడిచి పోలేదు. సాయంత్రమయ్యేసరికి ఆమె తలకి రాసుకునే నిమ్మనూనె వాసన హాల్లోకి వచ్చేది. నాకు భయం వేసేది కాదు. ఆ వాసన కోసమే ఈ ఇంట్లో ఉన్నాను. పోయేది కూడా ఇక్కడే అని పట్టుబట్టి కూర్చున్నాను.

ఇంతలో పైకప్పు కారడం మొదలైంది. అప్పు కోసం అడిగితే, ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు మనిషిని పంపింది. అతను హాల్లో మా ఫోటోల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మేడ ఎక్కనే లేదు. కట్టిన విలువ వింటే నవ్వొచ్చింది. దాని మీద అప్పు పుట్టదు. మూడో వీధిలో తెల్లవాళ్ల ఇల్లు, ఇదే కొలత, ఇదే ఇటుక, దాదాపు రెట్టింపు పలికింది.

మా అమ్మాయి రోండా బడిపంతులమ్మ. శనివారం పొద్దున్నే పెట్టెలు పట్టుకుని వచ్చింది.

"ఇంకో బ్యాంకు మనిషి వస్తున్నాడు నాన్నా. ఈసారి మనం కనబడొద్దు."

"ఇల్లు చూడ్డానికొచ్చేవాడికి మన మొహాలతో ఏం పని?"

"పోయినసారి వాడు చూసింది మొహాలేగా. ఫోటోలన్నీ తీసేద్దాం. మా బడిలో నాతో పాటు పాఠాలు చెప్పే కెల్సీ అని తెల్లమ్మాయి ఉంది. తనే ఇంటావిడలా నిలబడుతుంది. మన నల్లవాళ్లు చాలామంది ఇదే చేస్తున్నారు."

"మీ అమ్మను నేను దింపను."

"కప్పు కూలి అమ్మ మీద పడితే మాత్రం పర్లేదా?"

లేచి ఒక పెట్టె మూత తెరిచాను.

గోడలన్నీ ఖాళీ అయ్యాయి. బైబిలు, ఉత్తరాలు, కొక్కేనికున్న నా కోటు, అందులోని పర్సు, అన్నీ పెట్టెల్లోకి వెళ్లాయి. ఇత్తడి పలకను కూడా ఊడదీసింది. పెళ్లి ఫోటో చివర మిగిలింది. దాన్ని నా చేతులతో నేనే దింపాను. మేకు నుంచి అది విడిపోగానే, కుళాయి కట్టేసినట్టు, ఇంట్లో ఏదో ఆగిపోయింది.

కెల్సీ తన వాళ్ల ఫోటోలు తెచ్చింది. సముద్రం ఒడ్డు, తెల్లటి పళ్లతో నవ్వులు, ఓ బంగారు రంగు కుక్క. మా మేకులకే తగిలించింది. తలుపు తీయడం మాత్రం ఆమెకి చేతకాలేదు.

"ఇల్లు నన్ను ఒప్పుకోవట్లేదు గెయిన్స్ గారూ," అని నవ్వింది.

నేను చూపించాను. తర్వాత ఆ తలుపు మీద తట్టి, నవ్వులాటకే అన్నాను. "ఈ పూటకి ఇది ఈ అమ్మాయి ఇల్లు. నేనెవరో నీకు తెలీదు. సరేనా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

బ్యాంకు మనిషి వచ్చే వేళకి ఎదురింటి వెల్మా వరండాలో కూర్చున్నాను.

"ఏమయ్యా హోరేస్, నీ ఇంటికి నువ్వే కాపలానా?" అంది వెల్మా. "జీతమెంతిస్తున్నారు?"

జవాబు చెప్పబోయి ఆగాను. మా మేడ మీద కిటికీ తెర కదిలింది. అర్లీన్... ఈ ఆరేళ్లలో వాసనే తప్ప మనిషి ఎప్పుడూ కనబడలేదు. నేను చెయ్యెత్తాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వీధిలో ఊరికే తచ్చాడేవాణ్ని చూసినట్టు చూసింది. తెర లాగేసింది.

బ్యాంకు మనిషి గంటసేపు ఇల్లంతా తిరిగి, కెల్సీతో చెయ్యి కలిపి, నవ్వుతూ వెళ్లాడు. పెట్టెలు రోండా కారులోనే ఉండిపోయాయి. "రేపు చర్చి అయ్యాక అన్నీ మళ్లీ తగిలిద్దాం," అని ఇద్దరూ వెళ్లిపోయారు.

చీకటి పడింది. నేను దీపం వేయలేదు. కుర్చీలో కూర్చుని వాసన కోసం చూశాను. రాలేదు. గోడ మీద ఆ పళ్లు మాత్రం మసకగా కనబడుతున్నాయి.

పైన చెక్క కిర్రుమంది. ఒక అడుగు... ఇంకో అడుగు... తర్వాత గుసగుస. ఎవరో ఫోన్లో మాట్లాడుతున్నట్టు. పైనున్న ఫోను లైను కోసేసి నాలుగేళ్లయింది.

ఎనిమిదిన్నరకి కిటికీల్లో నీలం వెలుగు తిరిగింది.

"చేతులు కనబడేలా బయటికి రా!"

వచ్చాను. పోలీసు. తెల్ల కుర్రాడు. చెయ్యి నడుము దగ్గరి తుపాకి మీద ఉంది.

"ఇది నా ఇల్లు."

"కాగితం ఏదైనా ఉందా?"

కోటు కారులో. కారు రోండాతో. పలక ఉండే చోట రెండు మరమేకుల చిల్లులు. వాడి టార్చి వెలుగు నా భుజం మీదుగా హాల్లోకి వెళ్లింది. సముద్రం ఒడ్డు మీద ఆగింది. తిరిగి నా మొహం మీదకి వచ్చింది.

"వీళ్లెవరు పెద్దాయనా?"

ఏమని చెప్పను? నడుము దగ్గరి చెయ్యి ఇంకాస్త బిగిసింది.

"ఇదిగో అబ్బాయ్," వీధి అవతల నుంచి వెల్మా గొంతు. రాత్రిగౌనుతోనే దిగి వచ్చింది. "ఆయన ఈ ఇల్లు కొన్ననాటికి మీ నాన్నకి మీసాలు కూడా వచ్చుండవు. ఆ చెయ్యి అక్కణ్నించి తీయి ముందు."

చాలాసేపటికి తీశాడు. వెళ్లబోతూ అడిగాడు.

"మరి ఫోన్ చేసినావిడ ఎవరు? ఈ ఇంటి నంబరు నుంచే వచ్చింది."

"ఏమంది?"

"ఎవరో ముసలాడు ఇంట్లో దూరి చీకట్లో కూర్చున్నాడు, ఒక్కదాన్నే ఉన్నాను అంది. వాళ్లాయన రాత్రిబడి నుంచి తొమ్మిదింటికి వచ్చేస్తాడట. అంతవరకు ఎవరినైనా పంపమంది."

వెల్మా తన ఇంటికి రమ్మంది. నా ఇల్లు వదిలి ఎక్కడికీ రానన్నాను. లోపలికి వెళ్లి తాళం వేశాను. గొలుసు కూడా పెట్టాను. తాళంచెవి పిడికిట్లో పట్టుకుని హాలు మధ్య నిలబడ్డాను.

"అర్లీన్," అన్నాను మెల్లగా. "నేనే..."

పైన అడుగులు ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టినట్టు.

గడియారం తొమ్మిది కొట్టింది.

వరండా మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు కాస్త పైకి లేచింది. తాళం ఒకసారి తిరిగింది. రెండోసారి తిరిగింది.

తాళంచెవి నా పిడికిట్లోనే ఉంది.

బయట, పలక లేని చోట నిలబడి, ఎవరో చదువుతున్నారు. "జి... ఏ... ఐ..." కూడబలుక్కుంటూ, ఒక్కో అక్షరం మీద ఆగి ఆగి. ఆ గొంతు నాకు తెలుసు. ముప్పై మూడేళ్ల కిందట అది నాది.

నా మెడ పక్కగా నిమ్మనూనె వాసన దాటి వెళ్లింది. గొలుసు మెల్లగా జరిగింది.

"హోరేస్," అని గుసగుసగా అంది అర్లీన్. నాతో కాదు. "చప్పుడు చేయకుండా రా. వాడు ఇంకా లోపలే ఉన్నాడు."