నీటికుక్క శాంపిల్

"పదిన్నరకు లాంచీ కదులుతుంది. మన గూఢచారుల పేర్లున్న మెమరీ కార్డు ఈ సరిహద్దు నది దాటిందంటే, అవతలి ఒడ్డున పనిచేస్తున్న మన పదకొండు మందీ సాయంత్రానికి బతికుండరు." ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

ఏజెంట్ కొంగ మెడ చాచి రేవు మెట్లవైపు చూశాడు. పొడుగు మెడ చూసి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరది. ఆ పదకొండు మందిలో ఒకడు అతని తోడల్లుడు. జరగరానిది జరిగితే మరదలికి ముఖమెలా చూపించాలో అతనికి తెలియలేదు.

రేవంతా కంపు. మెట్లనిండా ఉమ్ములు, రెట్టలు, కుళ్లిన చేపపేగులు. నెరిసిన గడ్డం అంటించుకుని, కెమెరా ఉన్న బైనాక్యులర్స్ మెడలో వేసుకుని, కార్డు తెచ్చేదెవరో కనిపెట్టడానికి మూడు రోజులుగా ఈ కంపులోనే పక్షుల పిచ్చోడి వేషం. పక్కనున్న ప్రకృతి ప్రేమికులు పిట్టలను చూసి మురిసిపోతూనే తిన్న పొట్లాలు నీళ్లలోకి విసురుతున్నారు. ఛీ, వీళ్లకంటే శత్రువులే నయమనిపించింది.

పది ఇరవైకి ఆమె మెట్లు దిగింది. సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, గుప్పున సెంటు. ఆరేళ్లు అతని పక్క సీట్లో పనిచేసిన ఏజెంట్. ఆమె డబుల్ ఏజెంట్ అని నిన్ననే బయటపడింది; కార్డు దొరికితే తప్ప పట్టుకోడానికి సాక్ష్యం లేదు.

గార్డులు ఆమె బ్యాగు, కెమెరా, చెప్పుల మడమలు కూడా వెతికారు. చివరికి ఓ ప్లాస్టిక్ డబ్బా మూత తీసి ముక్కులు మూసుకున్నారు.

"నీటికుక్క పెంటండీ. రీసెర్చ్ శాంపిల్," అందామె తీయగా.

"పో తల్లీ, పో!"

అలాంటి డబ్బాలు ఆ రేవులో మామూలే. కొంగ బైనాక్యులర్స్ జూమ్ చేశాడు. నిన్న ఓ రిటైర్డ్ మాస్టారు అలాంటిదే పట్టుకొచ్చి, అతను వద్దు మొర్రో అంటున్నా ముక్కు కింద పెట్టాడు. "పొలుసులు చూడవయ్యా! చేపలు తినే జంతువుది పొలుసు లేకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు.

ఈ డబ్బాలో ఒక్క పొలుసూ లేదు. బురదలో దిగి వెతకడానికి మనసొప్పక, మహాతల్లి వీధికుక్కది ఎత్తుకొచ్చింది!

లాంచీ తాడు విప్పారు. కొంగ ఒక్క ఉదుటున డెక్ మీదికి దూకి డబ్బా లాక్కున్నాడు. ఆమె లిప్‌స్టిక్ గొట్టం తీసి అతని గుండెకు గురిపెట్టింది. అది పిస్టల్.

"కదిలితే చస్తావ్."

"ఈ పనికంటే అదే నయం."

కళ్లు మూసుకుని వేళ్లు లోపలికి పోనిచ్చాడు. కార్డు దొరికింది. మిగిలినదంతా ఆమె ముఖాన కొట్టాడు. ఆమె కెవ్వుమంది, గుండు గాల్లోకి పేలింది, గార్డులు ఆమె మీద పడ్డారు.

చీఫ్ జీపులో వచ్చాడు. "శభాష్! పదకొండు ప్రాణాలు నిలబెట్టావ్."

కొంగ కార్డు అందించబోయాడు. చీఫ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నీ దగ్గరే ఉంచు. ఆఫీసుకి నడిచి వచ్చెయ్, జీపులో చోటు లేదు."

జీపు ఖాళీగానే ఉంది.