వరస తెగిన తోట

దగ్గరకి జరగండి తల్లీ. గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా ముందుకొచ్చేయండి, చాప మీద చోటుంది. సింహాద్రి అప్పన్నబాబుని ఒక్కసారి మనసులో తలుచుకుని వినండి. ఈ కథ చెప్పేటప్పుడు మనుషుల మధ్య ఖాళీలుంటే నాకు నచ్చదు.

టెక్కలిలో రాజావారి తోట అని ఒక పాత పార్కు ఉందనుకోండి. గేటు దగ్గర నిలబడి పిలిస్తే నడిమధ్యనున్న గుండ్రటి మండపంలోంచి పలకొచ్చు, అంత దగ్గర. కానీ దారి తిన్నగా వెళ్ళదు. మోకాలెత్తు ఇటుక గోడల మధ్య, ఒక్క మనిషి పట్టేంత సన్నగా, అటు వెళ్ళి ఇటు మళ్ళి, మెలికలు మెలికలుగా సాగుతుంది. సోకు కోసం కాదు తల్లీ. వెనకటి కరువులో జమీందారు అక్కడ గంజి పోయించాడు. ఆకలి మీదున్న జనం ఒకరినొకరు తొక్కేసుకోకుండా ఆ గోడలు కట్టించాడు. మండపంలో రాతి తొట్టి, తొట్టిలో గంజి. మెలికల నిండా జనం. తొట్టి దాకా రాకుండా వరసలోనే ఒరిగిపోయినవాళ్ళు ఎందరో ఆ నారాయణుడికే తెలియాలి. కరువు పోయాక గోడల పక్కన గన్నేరు, నందివర్ధనం నాటారు. దీపాలు పెట్టారు. తోటయింది. ఊళ్ళోవాళ్ళు మాత్రం నేటికీ ఆ గోడ దాటరు. మెలికలన్నీ తిరిగే వెళ్తారు.

జగదీష్‌ది సోంపేట. పార్కు బాగుచేసే కాంట్రాక్టు అతనికి దొరికింది. గోడలు మధ్యకి పగలగొట్టించి, గేటు నుంచి మండపానికి తిన్నగా టైల్స్ పరిపించాడు. పని పూర్తయిన రోజు సందెవేళ భార్య హేమని చూపించడానికి తీసుకొచ్చాడు. హేమకి ఆరో నెల. పులిహోర మీద మనసైందంటే క్యారేజీ కూడా తెచ్చాడు. ఆ పిల్ల పుట్టి పెరిగింది టెక్కలిలోనే.

టైల్స్ చూసి ఆగిపోయింది. "ఏటి బావా, వరస తెంపీసినావా?"

"రేషన్ షాపా ఏటే, వరసకి? నడు."

"నాను పాత దారినే వత్తాను. గోడ దాటకూడదని మాయమ్మ సెప్పీది."

"ఇంత పొట్టేసుకుని చుట్టూ తిరుగుతావా? నువ్వొచ్చీసరికి పులిహోర నేను తినీగలను."

"తిను, సూత్తాను!" అని నవ్వుతూ మెలికలోకి మళ్ళింది.

జగదీష్ టైల్స్ మీద చకచకా నడిచి, తొట్టి అంచున కూర్చున్నాడు. ఆకలిగానే ఉంది. మూత తీసి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

కరెంటు పోయింది.

చీకట్లో హేమ ఫోన్ వెలుగు ఒక్కటే. అటు వెళ్తోంది... ఇటు మళ్ళుతోంది... ఆగిపోయింది.

గాలి లేదు. గన్నేరాకు కదల్లేదు. ముందు వాసన వచ్చింది, అడుగంటిన గంజి వాసన. తర్వాత చప్పుడు. ఎండుటాకుల మీద ఒట్టి కాళ్ళు ఈడ్చినట్టు... ఒకచోట కాదు... మెలికల పొడుగునా.

"హేమా... ఆగిపోయావేటి?"

"ఎలగొచ్చీది బావా..." గుసగుసలా వినిపించింది. "నా ముందు శానామంది ఉన్నారు."

జగదీష్ క్యారేజీ పట్టుకునే ఆ వెలుగు వైపు పరిగెత్తాడు. గోడ దూకాడు. కాలు పడింది గేటు దగ్గర. మళ్ళీ దూకాడు. మళ్ళీ గేటే. అక్కడ ఫోన్ వెలుగు, చుట్టూ ఎవరో మూగుతున్నట్టు, సన్నబడిపోతోంది. పొట్టలో బిడ్డతో ఒంటరిగా ఆ పిల్ల...

చెవి పక్కన చల్లటి ఊపిరి.

"నువ్వు తినీసినావు... ఎనక్కెల్లు."

అప్పుడు తెలిసిందతనికి. క్యారేజీ గోడ మీద పెట్టి దండం పెట్టాడు. "ముందు మీరు తినండి బాబూ. నేను ఆఖర్నే వత్తాను."

క్యారేజీ పిడి టింగుమంది. కాసేపటికి అవతలి మెలికలో... ఆ తర్వాత ఇంకా అవతల... చేతులు మారుతూ ముందుకెళ్తోంది.

వరస కదిలింది. జగదీష్ చివర నిలబడ్డాడు. ఒక అడుగు. ఆగడం. ఒక అడుగు. ముందున్నది ఎవరో అతను తలెత్తి చూడలేదు.

మండపం చేరేసరికి దీపాలు వెలిగాయి. మెట్టు మీద హేమ కూర్చుని ఉంది. పక్కన క్యారేజీ, కడిగినట్టు ఖాళీగా. ఆమె చేతిలో ఒక ఆకు దొప్ప. తడిగా, ఇంకా వెచ్చగా.

"ఎవరిచ్చారే?"

"నా ముందున్న ముసలమ్మ. ఆకలేసి తాగీసాను బావా." హేమ పొట్ట మీద చెయ్యేసుకుంది. "ఈడిక్కూడా వరసలో సోటు పట్టి ఉంచుతానన్నాది."

టైల్స్ పీకించి ఆ గోడలు జగదీష్ తన చేత్తో కట్టాడు. దేవుడి దయవల్ల బిడ్డ క్షేమంగా పుట్టాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో రాత్రి కంచాలు పెట్టేముందు, గుమ్మం పక్కన దొప్పలో తొలిముద్ద పెట్టి "ముందు మీరు" అంటారు. తెల్లారేసరికి దొప్ప ఖాళీ. కుక్కో పిల్లో అనుకుందాం. కానీ దాని పక్కన రోజూ ఇంకో దొప్ప ఉంటోంది. పసిపిల్లాడి అరచెయ్యంత. ఆ ఇంట్లో ఎవరూ కుట్టలేదు. దాన్నిండా గంజి... పొగలు కక్కుతూ.

పిల్లాడికింకా అన్నప్రాశన కాలేదు తల్లీ.

అందుకే, ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చున్నప్పుడు ఈ ఒక్కటి మరవకండి. తొలిముద్ద తీసి పక్కన పెట్టండి. పిల్లల చేత కూడా పెట్టించండి. పెట్టి ఏమనాలి? ఏదీ, అందరూ అనండి. "ముందు మీరు." గొంతు చాల్లేదు... ఇంకోసారి.